ఆమె కూర్చోకపోవడం వినయం కాదు

ఈ నెల మొదట్లో మా చిన్నమ్మ చనిపోయింది. తెల్లవారగానే మా పేట చర్చి అయ్యగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ సిన్నమ్మ ప్రభువు దగ్గరికి ఎలిపోయిందమ్మా. నిద్దట్లోనే గుండె ఆగిపోనాది. బాధ పడనేదు," అన్నారు. ఓదార్చాలనే అన్నారు. నిద్రలో ఆమె బాధ పడి ఉండకపోవచ్చు. మెలకువగా ఉన్నప్పుడు పడింది, ఏళ్ల తరబడి పడింది, అది మా అందరి కళ్ల ముందే జరిగింది.

ఈ నాలుగు మాటలు ఇప్పుడే చెప్పవలసిన అవసరం జ్ఞాపకార్థ కూడికలో కలిగింది. ఆ రోజు లేచి మాట్లాడిన వారందరూ చిన్నమ్మలో ఒకే గుణాన్ని మెచ్చుకున్నారు. ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదట. నలుగురిలో ఎప్పుడూ నిలబడే ఉండేదట, అందరూ తిన్నాకే తినేదట, అంత వినయం ఈ కాలంలో చూడలేమట. ముందు చాపల మీద కొందరు ఆడపిల్లలు కూర్చుని వింటున్నారు. వారిలో ఇంటిపనికి గల్ఫ్ వీసా కోసం ఎదురు చూస్తున్నవారు ఉన్నారని నాకు తెలుసు. నేను మానసిక వైద్యురాలిని. వారు విన్న ఆ మెప్పు తప్పని చెప్పడం నా బాధ్యత.

అయినవారి జబ్బు గురించి బయట రాయవచ్చునా అని పాఠకులు అడగవచ్చు. ఆమెకు వైద్యం చేసింది నేను కాదు. బంధువులకు మేము వైద్యం చేయం. విజయనగరంలో నాకు నమ్మకమైన ఒక వైద్యుడి దగ్గరికి పంపాను. ఇక రాయడం సంగతి ఆమెనే అడిగాను. "రాయే. నాను బతికుండగా రాసినా, పోనాక రాసినా నీ ఇష్టం. పేరు మాత్రం ఎయ్యకు. పిల్లకి సంబందాలు సూడాల," అంది. అందుకే ఇందులో ఎవరి పేరూ ఉండదు.

మా అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. అమ్మ డ్యూటీకి వెళితే నేను పొందూరు దగ్గర చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. చిన్నమ్మ అప్పుడు నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకు చేసి, నేల మీద బాసిపట్టు వేసుకుని రాట్నం ముందు కూర్చుంటే మధ్యాహ్నమంతా లేచేది కాదు. దాహం వేసినా నన్నే పిలిచేది. "ఒసే డాట్రమ్మా, ఓ సెంబుడు నీల్లు అట్రాయే. నాను లెగిస్తే దారం తెగిపోతాది." నేను ఇంకా బడిలో ఉండగానే నన్ను డాక్టరమ్మా అని పిలిచింది ఆమె ఒక్కతే. నేను పాఠాన్ని గబగబా అప్పజెప్పి ఆటకు పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టేది. "నూలుకి తొందర తెలీదే. సదువుకీ అంతే. మల్లీ సెప్పు." నేను ఒక రోగి చెప్పేది చివరి దాకా వినగలుగుతున్నానంటే ఆ రాట్నం పక్కన నేర్చుకున్న ఓపికే కారణం.

అంతసేపు అంత హాయిగా కూర్చోగలిగిన మనిషి ఆమె. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

చిన్నాన్న మూత్రపిండాల జబ్బుతో పోయాక ఆమె కువైట్ వెళ్లింది. అప్పటికి చెల్లి, అంటే చిన్నమ్మ కూతురు, మరీ చిన్నది. మా అమ్మ దగ్గర పెరిగింది. చిన్నమ్మ ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలామెను చూసుకోవడానికి వెళ్లి, వంట, ఉతుకు, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు అన్నీ చూసి, తిరిగి వచ్చేసరికి చెల్లి ఓణీ వేసుకునే వయసుకు వచ్చింది.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పై దేశం నుంచి తిరిగి వచ్చిన స్త్రీ మొదటి ఆదివారం కొత్త చీర కట్టుకుని, ప్రసంగానికి ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలును నలుగురిలో ఒప్పుకోవడం. దానికో వరస ఉంది. కాపాడిన దేవునికి స్తోత్రం, పని ఇచ్చిన ఇంటికి దీవెన, వినేవారికి ధైర్యం. బాధ చెప్పుకోవడానికి అందులో చోటు లేదు. బాధ చెబితే దేవుడు కాపాడలేదన్నట్టు అవుతుంది, పంపిన ఇంటివారికి తలవంపులవుతుంది, ఊరు ఇంకేవో ఊహిస్తుంది. అందుచేత మా చర్చిలో ఇన్నేళ్లుగా తిరిగి వచ్చిన ఆడవాళ్లందరూ దాదాపు ఒకే సాక్ష్యం చెప్పారు. చిన్నమ్మ కూడా అదే చెప్పింది.

"దేవుడు నన్ను కంటిపాపలాగ కాపాడినాడు. ఆ ఇంటోల్లు నన్ను సొంత మనిసిలాగే సూసినారు. నాకే లోటూ రానియ్యనేదు. దేవుడికే మహిమ."

సంఘమంతా ఆమెన్ అంది. ముందు చాప మీద కూర్చున్న చెల్లి తల్లి వంక గర్వంగా చూసింది.

ఆ సాక్ష్యం పూర్తిగా అబద్ధం కాదని నా నమ్మకం. ఆ ముసలామె మంచిదని చిన్నమ్మ చివరి దాకా చెప్పేది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ కలిసి నవ్వుకునేవారట. ఖర్జూరం నోట్లో పెట్టబోతే ముసలామె సగం కొరికి, మిగతా సగం చిన్నమ్మ నోట్లో పెట్టేదట. ఆమె పోయాక చిన్నమ్మను ఒక్క మాట అడగకుండా వారి బంధువుల ఇంటికి మార్చారు. అది వేరే ఇల్లు.

తిరిగి వచ్చిన చిన్నమ్మలో నేను మొదట గమనించింది ఆమె నిలబడటాన్ని. ఎవరింటికి వెళ్లినా గోడవార నిలబడేది. చర్చిలో వెనక గుమ్మం దగ్గర నిలబడేది. చూసినవాళ్లు వాచ్‌మన్ అనుకుంటారని ఎవరో నవ్వితే ఆమె కూడా నవ్వింది. కుక్కరు కూత వేసినా, ఎవరి జేబులోనో ఫోను మోగినా ఉలిక్కిపడి వంటింటి వైపు వెళ్లేది. తన ఇంట్లో తాను పెరట్లోకి వెళుతూ కూడా "ఎల్లొచ్చా?" అని అడిగేది. "ఎవుల్ని అడుగుతన్నావే అమ్మా?" అని చెల్లి విసుక్కునేది.

పేటవారికి ఇది ఎంతో నచ్చింది. పెళ్లయినా, ప్రేమవిందు అయినా వడ్డనకు ఆమెనే పిలిచారు. "అత్తా, నీ కాల్లకి స్ప్రింగులున్నాయేటి?" అని కుర్రాళ్లు, "ఆ సారు గిన్ని కొంచెం ఇలా పట్రా సిన్నమ్మా," అని ఆడవాళ్లు. కువైట్ ఇంటివారిని నోరారా తిట్టేవాళ్లే ఆమెను బంతి బంతికీ తిప్పారు. ఆమె ఎప్పుడు తిన్నదీ ఎవరూ అడగలేదు. ఈ విషయంలో పేటకు, పట్నానికి తేడా ఏమీ లేదు. అరసవల్లి రోడ్డులో నా క్లినిక్కు చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మెట్ల మీద విడి గ్లాసులో టీ తాగుతారు. ఆ ఇళ్లవారే గల్ఫ్ వార్తలు చదివి అయ్యో అంటారు.

ఒకసారి శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఆమెకు బల్ల మీద కంచం పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి కంచం పట్టుకుని సింకు దగ్గర నిలబడి తింటోంది.

"కూర్చో చిన్నమ్మా."

"ఇక్కడే బాగున్నాదే."

"మనింట్లో కూడా నిలబడతావేంటి?"

"కూకుంటే గుండి దడదడలాడతాది. ఎవులో ఒచ్చి లెగమంటారనిపిస్తాది. లెగమనకముందే లెగిసి ఉంటే ఆ బాద నేదు గదా."

ఆ మధ్యాహ్నం ఆమె నిలబడే, సాక్ష్యంలో చెప్పని మిగతాది చెప్పింది. ఆ రెండో ఇంట్లో ఏ గదిలోనూ ఆమె కూర్చోకూడదు. అలాగని ఎవరూ నోటితో చెప్పలేదు. ఒక రోజు కాళ్లు లాగి వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుంటే, మర్నాటికి ఆ పీట లేదు. పడుకునేది బట్టలుతికే మెషిను పక్కన. ఆ గది తలుపుకు గడియ లేదు. ఎప్పుడైనా, ఎవరైనా తలుపు తోసి పని చెప్పవచ్చు. సెలవు లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో. ఇంటికి ఫోను చేసుకోవచ్చు గానీ, పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. "కొట్టినారా?" అని అడిగాను. "కొడితే సెప్పుకోడానికి ఓ దెబ్బైనా ఉండును," అంది.

మా వృత్తిలో ఇలాంటివి చూస్తాం. ఎప్పుడు ఏ పిలుపు వస్తుందో తెలియని చోట ఏళ్ల తరబడి బతికిన మనిషి శరీరం విశ్రాంతిని ప్రమాదంగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ చోటు విడిచి వచ్చినా ఆ గుర్తు వెంటనే పోదు. నిద్ర పట్టదు, పట్టినా తెగిపోతుంది. చిన్న చప్పుడుకు గుండె వేగం పెరుగుతుంది. ఇది దయ్యం కాదు, భక్తి కాదు, మంచి పెంపకం అంతకన్నా కాదు. ఇది గాయం. వైద్యం ఉంది, నిదానంగా తగ్గుతుంది. ఇంతే చెప్పాను. ఆమె కంచం కడిగి బోర్లించింది. "అయితే నాను మంచిదాన్నయిపోయి ఇలాగ అవనేదన్నమాట," అని నవ్వింది.

విజయనగరం వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడి వైద్యుడు మాత్రలు కొద్దిగా, మాటలు ఎక్కువగా ఇచ్చే మనిషి. ఆమె మొదట కూర్చోగలిగింది బస్సులో. ఆ సంగతి నాకు ఫోనులో పరీక్ష పాసైనంత సంబరంగా చెప్పింది. "బస్సు ఎవులిల్లూ కాదు గదే. టిక్కట్టు తీసినాను, కిటికీ కాడ కూకున్నాను. లెగమంటే లెగనని సెప్పీసేదాన్నే!" తరువాత తన ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆ తరువాత నా బల్ల దగ్గర, కుర్చీ అంచు మీద. రాట్నం ముందు మాత్రం చివరి వరకూ కూర్చోలేకపోయింది. ఎందుకని అడిగితే, "వీపు ఎనకాల గుమ్మం ఉంటాది," అనేది.

అలా ఏళ్ల మీద కోలుకుంటూ ఉండగానే, పెద్దదైన చెల్లికి వీసా వచ్చింది. వరసకు బావ అయ్యే ఏజెంటు తెచ్చాడు. అదే దేశం, అదే ఇంటిపని. చిన్నమ్మ వద్దంది. వారి మాటలు జరుగుతుండగా నేను అక్కడే ఉన్నాను.

"నువ్వు ఎల్లొచ్చినావు, నన్ను సదివించినావు. నానెల్తానంటే దయ్యాలున్నాయంటన్నావు," అంది చెల్లి.

"దయ్యాలని అననేదే. మనుసులే అన్నాను."

"మరి సాచ్చెంలో కంటిపాప అన్నావు, సొంత మనిసన్నావు. నాను ముందే కూకుని ఇన్నాను. దేవుడి ముందర అప్పుడు అబద్దమాడినావా, నా ముందర ఇప్పుడు ఆడతన్నావా?"

 నేను కలగజేసుకోబోతే చెల్లి నా వైపు తిరిగింది. "నువ్వాగు అక్కా. నువ్వు డాట్రువి. నీకందరూ రోగుల్లాగే కనిపిస్తారు."

ఆ పిల్లను నేను తప్పు పట్టను. తల్లి సాక్ష్యం విని పెరిగిన పిల్ల. ఆ సాక్ష్యాన్ని నమ్మడమే తల్లి మీద గౌరవం అనుకుంది.

మర్నాడు చిన్నమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్లి మళ్లీ సాక్ష్యం చెబుతానని అడిగింది. నన్ను తోడు రమ్మంది. అయ్యగారు చెడ్డవారు కాదు. జబ్బు చేసిన ప్రతి ఇంటికీ సైకిలు మీద వెళతారు. కానీ ఆ కోరిక ఆయనకు అంతుపట్టలేదు.

"సాక్ష్యం మార్చుకుంటానంటావేటమ్మా? అలాగ ఎక్కడైనా ఉన్నాదా?"

"మార్చను అయ్యగారూ. మిగిలింది సెప్తాను."

"అంటే దేవుడు కాపాడనేదంటావా?"

"కాపాడినాడు. కాపాడబట్టే ఒచ్చినాను. దేన్నుంచి కాపాడినాడో సెప్పొద్దా?"

అయ్యగారు తల గీరుకున్నారు. స్త్రీల ప్రార్థనలో మనవిగా పెట్టుకోమన్నారు. చిన్నమ్మ సరేనని తలూపింది గానీ, ఆ ఆదివారమే, సాక్ష్యాల వేళకు, ఎవరూ పిలవకుండానే ముందుకు నడిచింది. వీసాకు కావలసిన వైద్య పరీక్షల కోసం చెల్లి ఆ రోజు విశాఖపట్నంలో ఉంది.

చిన్నమ్మ ఎక్కువసేపు మాట్లాడలేదు. ఏడవలేదు. ముక్కాలిపీట సంగతి, గడియ లేని తలుపు సంగతి, పక్కన నిలబడి ఫోను విన్న మనిషి సంగతి వరసగా చెప్పింది. "ఆనాడు నాను సెప్పిన సాచ్చెం సగమే. ఆ సగం ఇని ఎవులైనా ఎలిపోతే ఆ పాపం నాది. ఎల్లొద్దనట్లేదు. తెలిసి ఎల్లండి. పిల్లల్ని తెలిసి పంపండి," అంది. "దేవుడికే మహిమ," అని ముగించింది.

ఆమెన్ అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. అయ్యగారు బైబిలు మూసి, "మన సహోదరి స్వస్థత కోసం ప్రార్థన చేద్దాం," అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుండగా ఏజెంటు బావ నలుగురికీ వినబడేలా అడిగాడు. "ఏటత్తా, ఇజీనారం మాత్రలు మానీసినావేటి?"

"మాననేదురా. మింగబట్టే నోరు లెగిసింది."

కొందరు నవ్వారు. బావ కూడా నవ్వాడు. కానీ సాయంత్రానికి అత్తకు బుర్ర బాగోలేదన్న మాట పేటంతా తిరిగింది. విశాఖపట్నం నుంచి వస్తున్న చెల్లికి దారిలోనే ఫోనులో చేరింది. తల్లి చర్చిలో ఏం చెప్పిందో ఆ పిల్ల అడగలేదు. మతి తప్పిన మాటల్ని ఎవరు అడిగి తెలుసుకుంటారు?

నాకు మింగుడు పడనిది ఇదే. నిద్ర లేక, కూర్చోలేక, ప్రతి చప్పుడుకూ వణుకుతూ ఆమె చెప్పిన మొదటి సాక్ష్యాన్ని సంఘం నమ్మింది. వైద్యం చేయించుకుని, మనసు కుదుటపడి, తూకం వేసినట్టు చెప్పిన రెండో సాక్ష్యాన్ని జబ్బు అనుకుంది. వైద్యుడి దగ్గరికి వెళ్లడమే ఆమె మాటను కొట్టివేయడానికి ఆధారమైంది. మా ప్రాంతంలో ఆడవాళ్లు మా గుమ్మం తొక్కడానికి ఎందుకు జంకుతారని పట్నాల్లోని సహోద్యోగులు నన్ను అడుగుతుంటారు. వారికి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

చెల్లి వెళ్లే రోజు చిన్నమ్మ ఇనుప సామాన్ల కొట్టులో ఒక గడియ, దానికి మరలు కొని తెచ్చింది. "తలుపుకి నేకపోతే బిగించుకో," అని సంచిలో పెట్టబోయింది. చెల్లి మొదట నవ్వింది, తరువాత తల్లి మొహం చూసి నవ్వు ఆపింది. "ఆల్ల తలుపుకి మనం మరలు కొడితే ఊరుకుంటారేటమ్మా?" అని మెల్లగా తీసి తల్లి చేతిలో పెట్టింది. చిన్నమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుని బస్సు దాకా వెళ్లింది.

ఆ తరువాత పెళ్లిళ్ల వడ్డనకు ఆమెను పిలవడం తగ్గించారు. బుర్ర బాగోలేని మనిషి చేత సాంబారు పోయించడం ఎందుకనుకున్నారు కాబోలు. కుళాయి దగ్గర ఒక పక్కింటి ఆమె, తానూ మస్కట్ వెళ్లి వచ్చిన మనిషి, చుట్టూ చూసి, "సిన్నమ్మా, నాకూ అంతేను," అందట. అంతకు మించి ఒక్క మాట అనకుండా బిందె ఎత్తుకుని వెళ్లిపోయిందట. రెండో సాక్ష్యానికి వచ్చిన ఆమెన్ అదొక్కటే.

మందులు మానలేదు. విజయనగరం వెళ్లడమూ మానలేదు. ఆమె గుండె ఎందుకు ఆగిందో నేను వైద్యురాలిగా కచ్చితంగా చెప్పలేను. కూతురి మీది బెంగతో పోయిందని పేటలో అంటున్నారు. ఆ మాటకు ఆధారం లేదు. రక్తపోటు ఉంది, వయసు ఉంది, అన్నేళ్ల నిద్రలేమి ఉంది. దేని వాటా ఎంతో తేల్చే పరికరం నా దగ్గర లేదు.

చెల్లికి సెలవు ఇవ్వలేదు. సమాధి దగ్గర నేను ఫోను పట్టుకుని వీడియోలో చూపించాను. తెరలో ఆ పిల్ల మొహం, వెనక తెల్లటి పలకల గోడ. స్నానాల గదిలో ఉంది. కుళాయి విప్పి పెట్టుకున్నట్టుంది, నీళ్ల చప్పుడుకు మాట సరిగ్గా వినబడటం లేదు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. పెట్టెను దించుతున్నారు. చెల్లి తెరకు దగ్గరగా జరిగి, "అక్కా, కొంచెం కిందికి సూపించు," అంది. నేను ఫోను వంచాను. అప్పుడు అవతల ఎవరో తలుపు తట్టి ఒక పేరు పెట్టి పిలిచారు. అది చెల్లి పేరు కాదు. ఆ పేరుకు చెల్లి వెంటనే, ఎంతో అలవాటైనట్టు, వారి భాషలో బదులు పలికింది. ఫోను బోర్లా పడింది. తెర నల్లగా అయి, నీళ్ల చప్పుడు మాత్రం కొంతసేపు వినబడింది. తొలి పిడికెడు మట్టి వేసే సరికి అదీ ఆగిపోయింది.

తరువాత ఒక్కసారి మాట్లాడింది. బాగున్నానంది. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఫోను కట్ అయింది. సిగ్నల్ పోయిందో, తనే కట్ చేసిందో నాకు తెలియదు. తల్లి చర్చిలో చెప్పిన రెండో సగం ఆ పిల్లకు ఇప్పటికైనా చేరిందో లేదో తెలియదు. చెల్లిని అక్కడ తన పేరు మాని ఆ పేరుతో ఎందుకు పిలుస్తున్నారో కూడా తెలియదు.